మన్యపు జ్వరము – దోమ నరములోని తలుపు

విశాఖపట్టణమునుండి శృంగవరపుకోట దాటి, అనంతగిరి ఘాటు ఎక్కి అరకులోయ చేరువారికి నేడు కనుపించునవి కాఫీతోటలు, వలిసెపూల పసుపుచేలు, సొరంగములలో మునిగి తేలుచు వచ్చు రైలుబండి. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తుననున్న ఈ లోయకు జనులు చల్లదనము కొరకు పోవుచున్నారు. మన తాతల కాలమున ఈ కొండల పేరు వినినంతనే మైదానపు మనిషికి చల్లదనము స్ఫురించెడిది కాదు, చలిజ్వరము స్ఫురించెడిది. మన్యమునకు బదిలీ యనగా ఉద్యోగి ఇంట దిగులు ప్రవేశించెడిది. జ్వరముతో తిరిగివచ్చిన వానిని చూచి, ఆ నీరు పడలేదని బంధువులు జాలిపడెడివారు.

పైనుండి వచ్చినవాడు తిరిగి దిగిపోగలడు. అచ్చటనే పుట్టి పెరుగువారి మాట వేరు. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోందులు, పోర్జాలు, గదబలు, కోటియాలు, నూకదొరలు తరతరములుగా ఆ జ్వరముతోనే కాపురము చేసిరి. కొండవారికి ఆ జ్వరము అంటదని మైదానములో ఒక నమ్మకము ప్రబలియుండెను. ఇందు సగము మాత్రమే సత్యము. మాటిమాటికి జ్వరపడి బ్రదికిన పెద్దవారి దేహమునకు కొంత ఓర్పు అలవడును. కాని ఆ ఓర్పు వచ్చులోపల పోయిన పసిపిల్లలను ఎవరును లెక్కించలేదు. కొండవారి ఓర్పు పసిబిడ్డల ప్రాణములతో కొనబడినదని గుర్తించినగాని ఈ చరిత్రలోని బరువు మనకు తెలియదు.

ఆ జ్వరముతో మన దేశము సాగించిన పోరాటమును గురించి తలచుకొనునపుడు మనము ప్రభుత్వములను, వైద్యులను, మందులను పేర్కొనుచుందుము. ఈ పోరాటపు గెలుపునకును, తరువాతి ఓటమిలో ఒక ముఖ్యభాగమునకును రంగస్థలమైన చోటు మరియొకటి కలదు. అది దోమ నరములోని ఒక సూక్ష్మమైన తలుపు. దానిని నిర్మించు ఒక జన్యువు. ఆ తలుపు కథనే నేడు మేము ముచ్చటింపదలచినాము.

1839లో ఆంగ్లప్రభుత్వము విశాఖపట్టణము, గంజాము జిల్లాల కొండసీమలను సాధారణ శాసనముల పరిధినుండి తప్పించి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా నియమించినది. ‘ఏజెన్సీ’ యను మాటకు మూలమదియే. దొరతనము కొండలలో దూరముగానే నిలిచియుండుటకు అడవి యెంత కారణమో జ్వరమును అంత కారణము. 1879లో రంప పితూరీ చెలరేగినపుడు దానిని అణచుటకు వెళ్లిన సేనలను జ్వరము వేధించినది. 1907లో ఫ్రాన్సిసు వ్రాసిన విశాఖపట్టణము జిల్లా గెజిటీరు కూడ ఏజెన్సీ జ్వరమును పేర్కొనక తప్పలేదు.

ఆ జ్వరమునకు కారణము నీరని, అడవిగాలియని, ఆకుల కుళ్ళని అనేకులు అనేక విధముల తలచిరి. 1897 ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదు కంటోన్మెంటులోనే రోనాల్డు రాసు ఒక దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచి, ఆ సందేహమును తీర్చుటకు దారి చూపెను. 1902లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది. ఆ యేటనే జేమ్సు అను సైనికవైద్యుడు రెండు దోమజాతులను శాస్త్రలోకమునకు పరిచయము చేసెను. అందొకదానికి మన కొండలలోని జయపురము పేరే పెట్టబడినది: అనాఫిలిసు జేపోరియెన్సిసు. రెండవది అనాఫిలిసు ఫ్లూవియాటిలిసు. ఏటినీట నుండునదని దాని లాటిను పేరునకు అర్థము.

1914లో పెర్రీ అను వైద్యుడు జయపురము కొండసీమలయందును, దానిని ఆనుకొనిన తీరమునందును మలేరియాను గూర్చి జరిపిన పరిశీలనమును ప్రకటించెను. ఆ రోజులలో ఒక ఊరి మలేరియాను కొలుచుటకు పిల్లలను వరుసగా నిలిపి, పొట్ట నొక్కి, కడుపులో బల్ల యెందరికున్నదో లెక్కించెడివారు. రక్తపరీక్ష అవసరము లేకయే చేయి చెప్పగల లెక్క అది. 1930ల చివర బెంగాలు నాగపూరు రైల్వేకు చెందిన సీనియర్ వైటు అను మలేరియా శాస్త్రజ్ఞుడు ఈ కొండలలో దోమలను వెదకి, కొండవాగుల అంచులలో, గడ్డి నీడలో, మెల్లగా పారు తేటనీట పెరుగు దోమలే ఇచ్చటి జ్వరమునకు వాహకములని చూపెను. వానిలో ప్రధానమైనది ఫ్లూవియాటిలిసు. నీరు పడలేదన్న మాట పొరపాటే, కాని కేవలము అబద్ధము కాదు. తప్పు త్రాగిన నీటిలో లేదు. ఆ నీటి అంచున పుట్టినదానిలో ఉన్నది.

శత్రువెవరో తెలిసినను చేతిలో ఆయుధము లేకపోయెను. ప్రతి కొండవాగును ఎవరు శుభ్రపరచగలరు? ఆయుధము ఐరోపాలో దొరకినది. 1874లోనే జైడ్లరు అను రసాయన విద్యార్థి తయారుచేసి, ఉపయోగమెరుగక విడిచిపెట్టిన ఒక తెల్లని పొడిని 1939లో స్విట్జర్లాండులోని పాల్ ముల్లరు మరల చేసి చూడగా, దానిని తాకిన ఈగలు వణకి క్రిందపడినవి. అదియే డి.డి.టి. 1948లో ముల్లరునకు నోబెలు బహుమానము వచ్చినది. దాని గొప్పదనమంతయు దాని నిలకడలోనున్నది. ఒకసారి గోడకు చల్లినచో మాసములకొలది విషము చెడదు. మనిషిని కుట్టిన దోమ బరువెక్కిన కడుపుతో దగ్గరి గోడపై వ్రాలి విశ్రమించును. ఆ గోడయే దానికి ఉరికంబమగును.

1947 నాటికి మన దేశమున ఏటేట 7.5 కోట్లమంది మలేరియా పాలగుచున్నారనియు, 8 లక్షలమంది మరణించుచున్నారనియు అంచనా. 1951 జనాభా లెక్కల ప్రకారము దేశమున నున్నవారే 36 కోట్లు. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము ప్రారంభమైనది. చదరపు మీటరునకు ఒక గ్రాము చొప్పున, ఏటికి రెండు పర్యాయములు డి.డి.టి. చల్లవలెనని నిర్ణయము. ఫలితము ఎంత ఆశ్చర్యకరముగా నుండెననగా, 1958లో ఆ కార్యక్రమమునకు నియంత్రణ యను పేరు తీసి నిర్మూలన యను పేరు పెట్టిరి. 1961లో దేశమంతట నమోదైన రోగులు సుమారు 50 వేలు. 1965లో మలేరియా మరణము ఒక్కటియు నమోదు కాలేదు. మన్యమునకు కొత్త త్రోవలు తెరచుకొనిన కాలమది. 1955లో మాచఖండు విద్యుత్కేంద్రము ప్రారంభమైనది. 1960లలో బైలడిల్లా ఇనుపరాయి కొరకు కొత్తవలస – కిరండూలు రైలుమార్గము ఈ కొండలను తొలిచికొనుచు పోయినది.

కాని 1976లో దేశమున నమోదైన రోగుల సంఖ్య 64 లక్షలు దాటినది.

ఈ పతనమునకు కారణము ఒక్కటి కాదు. రోగము తగ్గినదని జాగ్రత్త సడలినది. మందు సరఫరా కుంటుపడినది. నిఘా ఉంచవలసిన ప్రాథమిక వైద్యవ్యవస్థ పల్లెలలో ఇంకను వేరూనలేదు. 1973లో అస్సాములో క్లోరోక్వినుకు లొంగని క్రిములు కనుపించినవి. వీనితోపాటు ఇంకొక కారణము కలదు. 1959లోనే గుజరాతు ప్రాంతపు పంచమహలు జిల్లాలో డి.డి.టి.కి చావని క్యూలిసిఫేసిసు దోమలు కనుపించెను. ఇది వరిమళ్ళలో, గుంటలలో, కాలువలలో పెరుగు అనాఫిలిసు జాతి. మైదానపు పల్లెలలో మలేరియాను మోయునది ముఖ్యముగా ఇదియే. అడవి నరకి మళ్ళు చేసినకొలది ఇది కొండలోయలకును ఎగబ్రాకగలదు.

చల్లిన మందు మారలేదు. గోడ మారలేదు. మరి మారినది యేమి?

మన చేయి వేడిపాత్రను తాకినంతనే వెనుకకు వచ్చుచున్నదన్నచో నరము వెంట ఒక విద్యుత్తరంగము పరుగెత్తుచున్నదన్నమాట. ఉప్పులో నుండు సోడియము విద్యుదావేశము గల కణములుగా నరము వెలుపల హెచ్చుగాను, లోపల తక్కువగాను ఉండును. నరపు పొరలో సోడియము కొరకే ఏర్పడిన తలుపులు కలవు. సంకేతము రాగానే అవి తెరచుకొనును. సోడియము లోనికి ఉరుకును. సెకనులో వేయవవంతు కాలములో తలుపులు మూతపడును. ఈ వ్యవహారమును హాడ్జికిను, హక్సిలీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు సముద్రపు స్క్విడ్ అను జీవి యొక్క లావైన నరముపై ప్రయోగములు చేసి 1952లో వివరించిరి. తెరచుకొనుట ఎంత ముఖ్యమో మూతపడుట అంత ముఖ్యము. తలుపు తెరచియే యున్నచో సంకేతము ఆగదు. కండరము కొట్టుకొనుచునే యుండును. చివరకు ప్రాణి కూలును.

డి.డి.టి. చేయుపని సరిగా ఇదియే. అది ఆ తలుపు సందున ఆనుకొని దానిని మూతపడనీయదు. 1960లో జపాను శాస్త్రజ్ఞులు నరహాషి, యమసకి బొద్దింక నరముపై డి.డి.టి. ప్రభావమును పరిశీలించి ఈ అవగాహనకు బాట వేసిరి. మనము ఇక్కడ కాలమును గమనింపవలెను. ఆ మందు ఎట్లు చంపునో స్పష్టపడుచున్న నాటికి దానిని చల్లుట మొదలై ఏండ్లు గడచినవి. అంతకు పూర్వమే, మన జాతీయ కార్యక్రమము ఆరంభము కాక రెండేండ్ల ముందు, 1951లో బస్వైను అను శాస్త్రజ్ఞుడు డి.డి.టి. తగిలినను క్రిందపడని ఈగలను గురించి ప్రకటించియుండెను. హెచ్చరిక వచ్చినది, విజయోత్సాహములో దాని చప్పుడు వినబడలేదు. పత్రికలు, రేడియోలు నడుపు మావంటి వారమును ఆ ఉత్సాహమునకు అతీతులము కాము.

ఇక ఆ తలుపు నిర్మాణము చూతము. అది ఒక మాంసకృత్తు. సుమారు 2000 అమైనో ఆమ్లముల గొలుసు నరపు పొరలో 24 పర్యాయములు అటునిటు దూరి, నాలుగు భాగములుగా ముడుచుకొని, నడుమ ఒక రంధ్రమును నిలుపును. దీనికి ఆల్ఫా ఉపభాగమని పేరు. దీని నడతను సవరించు చిన్న ఉపభాగములు వేరుగా కలవు. ఈ గొలుసును అల్లు ఆజ్ఞ ఒక జన్యువులో నుండును. 1971లో వేడి తగిలినంతనే చచ్చుబడి, చల్లబడగానే లేచి తిరుగు ఒక పండ్ల ఈగ శాస్త్రజ్ఞులకు చిక్కినది. చచ్చుబడుట అను అర్థముగల ఆంగ్లపదమును కుదించి ఆ జన్యువునకు ‘పారా’ అని పేరు పెట్టిరి. 1989లో దాని నిర్మాణము తెలియగా, అది సోడియపు తలుపును నిర్మించు జన్యువే అని తేలినది. 1990లలో ఈగలయందును, పిదప ఆఫ్రికా మలేరియా దోమయందును ఇదే జన్యువును చదివినపుడు రహస్యము బయటపడినది. 1014వ స్థానమున ల్యూసిను ఉండవలసినచోట ఫినైల్ అలనిను ఉన్నది. జన్యువు వ్రాతలో మారినది ఒక్క అక్షరము. ఆ మార్పుచేత విషమునకు తలుపుపై పట్టు తప్పును. తలుపు మాత్రము తన పని తాను చేసికొనుచుండును.

డి.డి.టి. ఈ మార్పును పుట్టించలేదు. ఇట్టి మార్పు లక్షలాది దోమలలో ఎక్కడనో ఒకదానికి దానంతట అది కలుగును. చాటతో చెరుగునామె గింజను సృష్టింపదు. తాలును ఎగురగొట్టి గట్టిగింజను మిగుల్చును. మనము చల్లిన మందు అట్టి చాట. పైగా ఈ గుణము తల్లినుండియు తండ్రినుండియు రెండువైపుల వచ్చినగాని పూర్తిగా బయటపడదు. ఒకవైపునుండి మాత్రమే వచ్చినది అజ్ఞాతముగా సంతతిలో దాగియుండును. ఇండ్లగోడలపైనే కాక పొలములలో పైరుపురుగులపైనను డి.డి.టి. చల్లుచుండుటచే ఈ చెరుగుట రేయింబవళ్ళు సాగినది. వ్యవసాయమున డి.డి.టి. వాడుకను మన దేశము 1989లో నిషేధించినది.

2010లో ఈ కథ మన కొండలకే వచ్చినది. ఒడిశాలోని మల్కనగిరి జిల్లాలో పట్టిన క్యూలిసిఫేసిసు దోమల సోడియపు తలుపు జన్యువును చదువగా, 1014వ స్థానమున ఒక్క ఫినైల్ అలనినే కాక సెరిను అను మరియొక మార్పును, దానికి నాలుగు మెట్లు ముందు 1010వ స్థానమున అంతవరకు తెలియని కొత్త మార్పును కనబడెనని ప్రకటింపబడినది. మల్కనగిరి మనకు పరాయిచోటు కాదు. 1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు జయపురము సంస్థానముతో కూడ అది విశాఖపట్టణపు ఏజెన్సీలోనిదే. ఆ అడవులకును, మన పెదబయలు, ముంచింగిపుట్టు అడవులకును నడుమ దోమ ఎరిగిన సరిహద్దు లేదు. దోమకు విషమును విరిచివేయు ఇతర రసాయన సాధనములును కలవు గనుక తలుపు ఒక్కటే అన్నిటికి సమాధానము కాదు. కాని ఆ తలుపునకు ఒక విశేషము కలదు.

డి.డి.టి.కి మారుగా 1990లనుండి మలేరియా నివారణలో పైరిత్రాయిడ్లు అను మందులు ప్రవేశించినవి. చేమంతిజాతి పూలనుండి లభించు విషమునకు ఇవి కృత్రిమరూపములు. గోడలకు చల్లుటకును, దోమతెరలకు పట్టించుటకును ఇవి మిక్కిలి అనువైనవి. అయితే ఇవియును పట్టుకొనునది ఆ సోడియపు తలుపునే. డి.డి.టి. చాటలో చెరిగి మిగిల్చిన దోమకు కొత్త మందు పాతచుట్టమే. ఆయుధము మార్చితిమని మనము తలచితిమి, గురి మార్చలేదు. అందుచేతనే వేరు మర్మముపై దెబ్బతీయు మందులను తెరలకు జతచేయు ప్రయత్నములు నేడు ప్రపంచమంతట సాగుచున్నవి.

ఇదే తలుపు మనకును కలదు. ఈగకు ఆల్ఫా ఉపభాగము కొరకు ఒక జన్యువుండగా, మనిషికి తొమ్మిది కలవు. అందొకదానిలోని లోపము పసిబిడ్డలకు జ్వరముతో మొదలగు ఒక తీవ్రమైన మూర్ఛవ్యాధికి కారణమని 2001లో తెలిసినది. దోమలో బ్రదుకు నిచ్చిన చిన్న మార్పు వంటిదే మనిషిలో బ్రదుకును కష్టపెట్టగలదు. మన్యపు జనుల రక్తమునందును మలేరియా ఇట్టి వ్రాతయే వ్రాసినది. తూర్పు కనుమల గిరిజనులలో కనుపించు కొడవలి కణపు జన్యువు ఒకవైపునుండి మాత్రమే వచ్చినచో మలేరియా తీవ్రతనుండి కాపాడును. రెండువైపుల వచ్చినచో తానే వ్యాధియగును. దోమ మందునుండి తప్పించుకొనినట్లే మనిషి దోమనుండి కొంత తప్పించుకొనెను. రెండుచోట్లను వెల చెల్లించినది ఆ కొండపల్లెల ఇండ్లే.

మందు పనిచేయకపోయిన చోటులలో తప్పు గిరిజనులదే అనుట కొందరికి అలవాటు. పండుగకు గోడలను మట్టితోను పేడతోను అలికి మందును కప్పివేసిరని, పోడు కాపలాకు పోయి తెరలేని పాకలలో పడుకొనిరని నింద. గోడ అలుకుట వారి శుభ్రత. పోడు కాపలా వారి గింజ. పంటకారునకును పండుగకును తగినట్లు మందుచల్లు వేళను మార్చుకొనవలసినది కార్యక్రమముగాని, పండుగను మార్చుకొనవలసినది పల్లె కాదు. దేశములో అనేకచోట్ల నల్లులు ముందుగా డి.డి.టి.కి చావకపోవుటను గమనించి, మందు వట్టిదైనదని చెప్పినది ఇల్లాండ్రే. ఆ మాటను అజ్ఞానమని కొట్టివేసితిమి. ప్రయోగశాల తరువాత చదివిన జన్యువు వారి మాటనే వేరుభాషలో చెప్పినది.

2022లో అరకు, పాడేరు ప్రాంతములు అల్లూరి సీతారామరాజు జిల్లాగా ఏర్పడినవి. 2030 నాటికి మలేరియాను దేశమునుండి తొలగింపవలెనని మన సంకల్పము. వెనుకటితో పోల్చిన రోగము ఎంతయో తగ్గినది. ఊరూర ఆశా కార్యకర్త వ్రేలినుండి రక్తపుబొట్టు తీసి అప్పటికప్పుడే పరీక్షించు సౌకర్యము వచ్చినది. అయినను రాష్ట్రమున మిగిలిన మలేరియాలో మన్యపు పాలు నేటికిని పెద్దది. రోగులు తగ్గినపుడే జాగ్రత్త సడలుట 1965 తరువాత మనము చేసిన తప్పు. ఒకే తలుపును నమ్ముకొని గెలిచితిమనుకొనుట అంతకు ముందే చేసిన తప్పు.

ఈ రెంటిని గుర్తుంచుకొనుటకు పెద్ద విద్య అవసరము లేదు. ఏ మందుకు ఏ దోమ చచ్చుచున్నదో ఏటేట పరీక్షించుట, మందులను మార్చి మార్చి వాడుట, చలితో వణకు బిడ్డ రక్తమును ఆ దినమే చూచుట, పోడు పాకలో పడుకొనువానికి కూడ ఒక తెర ఇచ్చుట – ఇవి చాలును. అనంతగిరి ఘాటు దిగి ఇంటికి పోవు యాత్రికునకు నేడు జ్వరభయము లేదు. అచ్చటి వాగు ఒడ్డున ఉయ్యాలలో నిదురించు బిడ్డకును ఆ భయము లేని దినమే ఈ పోరాటము ముగిసిన దినము.